పెళ్లిమండపంలో ఐఎస్ఓ ఎంత పెట్టాలి?

ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. మీరు పెళ్లికూతురి తరఫు చుట్టం. మెడలో కొత్త కెమెరా ఉంది, దానితోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ తప్ప మరొకటి లేదు. స్టూడియో నుంచి వచ్చినవాళ్లు వాళ్ల పనిలో వాళ్లున్నారు. మీకూ నాలుగు మంచి ఫొటోలు కావాలి. ఆటోలో పెడితే ఫ్లాష్ తానంతట తాను లేచి ముఖాలను సున్నం కొట్టినట్టు చేస్తోంది, వెనక పూలమండపమంతా చీకటైపోతోంది. ఫ్లాష్ ఆపేస్తే అందరూ మసకగా, సాగిపోయినట్టు వస్తున్నారు. ఒక బాబాయి వచ్చి ‘ఐఎస్ఓ పెంచు’ అంటారు. పక్కనున్న అన్నయ్య ‘పెంచితే గ్రెయిన్స్ వస్తాయి, పెంచకు’ అంటాడు. ఐఎస్ఓ అంటే పట్టుకున్న వెలుగును కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె, గ్రెయిన్స్ అంటే ఫొటో మీద కనిపించే గరుకు మచ్చలు.

ఇద్దరూ తప్పు చెప్పలేదు. అయితే ఎంత పెంచాలో ఇద్దరూ చెప్పలేదు. నా పద్ధతి ముందే చెప్పేస్తాను: ఐఎస్ఓను అన్నిటికన్నా చివర పెట్టండి. మొదట షట్టర్ వేగం (వెలుగు లోపలికి వచ్చే సమయం, సెకనులో ఎన్నో వంతు), తరువాత అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం), ఆ రెండూ పెట్టాక ఇంకా ఎంత వెలుగు తక్కువైతే అంత ఐఎస్ఓ. గ్రెయిన్స్‌కు భయపడి ఆ అంకెను తగ్గించిన ప్రతిసారీ నేను ఫొటో పోగొట్టుకున్నాను. గరుకుగా వచ్చిన ఫొటోను ఆల్బమ్‌లో పెట్టారు, కదిలిపోయిన ఫొటోను ఎవరూ అడగలేదు.

ముందు ఆ అంకెల సంగతి

100, 200, 400, 800, 1600, 3200, 6400, 12800. మెట్టు మెట్టుకూ అంకె రెట్టింపవుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు. షట్టర్‌ను 1/125 నుంచి 1/250కి మారిస్తే లోపలికి వచ్చే వెలుగు సగమవుతుంది. అది ఒక స్టాప్ నష్టం. ఐఎస్ఓ ఒక మెట్టు ఎక్కిస్తే ఫొటో మళ్లీ మునుపటంత కాంతిగా వస్తుంది. అపర్చర్‌లో 5.6, 4, 2.8, 2 కూడా ఇలాగే ఒక్కో స్టాప్ దూరంలో ఉంటాయి, అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. ఈ మూడు వరుసలూ నోటికి వస్తే చాలు, మండపంలో నిలబడి లెక్క వేసుకోవచ్చు.

రీళ్ల కాలంలో ఈ అంకె డబ్బా మీదే అచ్చయి ఉండేది. అమెరికావాళ్ల ఏఎస్ఏ, జర్మనీవాళ్ల డిన్ అని రెండు లెక్కలు నడిచేవి. 1974లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాటిని కలిపింది, ఆ సంస్థ పొట్టిపేరే అంకెకు పేరైపోయింది. కెమెరాలో 400 రీలు వేస్తే ఆ 36 ఫొటోలూ 400 మీదే తీయాల్సి వచ్చేది. మనకు ఫొటో ఫొటోకూ మార్చుకునే వీలుంది. ఆ వీలు ఉండి కూడా ఒకే అంకె మీద పెళ్లంతా తీసేవాళ్లు ఉన్నారు.

ఇక ఆ గరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. వాన మొదలైనప్పుడు వాకిట్లో గచ్చు చూడండి. తొలి చినుకులు ఒకచోట నాలుగు, పక్కనే ఒకటి, ఇంకోచోట అసలు లేదు. గచ్చంతా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అదే వాన పది నిమిషాలు దంచి కొడితే అంతా ఒకేలా తడుస్తుంది. వెలుగు కూడా కెమెరాలో దాన్ని పట్టే సెన్సర్ మీద చినుకుల్లాగే పడుతుంది. ఒక చుక్కంత చోట సగటున 10,000 కాంతి కణాలు పడితే హెచ్చుతగ్గులు 100 దాకా ఉంటాయి, అంటే నూటికి ఒకటి. కంటికి ఆనదు. అదే చోట 100 కణాలే పడితే హెచ్చుతగ్గులు 10, అంటే నూటికి పది. ఫొటోలో మనం నాయిస్ అనేది చాలావరకు ఇదే. ఐఎస్ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ వెలుగు పట్టుకోదు, పట్టుకున్న కొద్దిపాటినే పెద్దది చేసి చూపిస్తుంది. దానితోపాటు మచ్చలూ పెద్దవవుతాయి. కాబట్టి తప్పు ఐఎస్ఓది కన్నా చీకటిదే ఎక్కువ.

పెళ్లికి వారం ముందు ఇంట్లో చేయాల్సిన పని

మీ కెమెరా ఎంతవరకు తట్టుకుంటుందో ఇతరుల మాట మీద తేల్చుకోవద్దు. ఒక సాయంత్రం అరగంట కూర్చుంటే మీకే తెలుస్తుంది.

చీకటి పడ్డాక గదిలో ఒక్క బల్బు మాత్రం వెలిగించండి. కుర్చీ మీద జరీ ఉన్న ముదురురంగు పట్టుచీర వేసి, పక్కన ఒక ఇత్తడి కుంది, ఒక నల్లటి బట్ట పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఓపికగా కూర్చుంటే ఇంకా మంచిది. చర్మం రంగు, జుట్టు, పట్టు ఈ మూడింటిలోనే నాయిస్ ముందుగా బయటపడుతుంది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి, లేకపోతే బల్ల మీద నాలుగు పుస్తకాలు పేర్చి వాటి మీద పెట్టి రెండు సెకన్ల టైమర్ వాడండి. అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా ఎంచుకునే మోడ్) 5.6 పెట్టి, 100 నుంచి మొదలుపెట్టి 25600 దాకా ఒక్కో మెట్టుకు ఒక్కో ఫొటో తీయండి. తక్కువ అంకెల దగ్గర షట్టర్ సెకన్ల కొద్దీ తెరుచుకుని ఉంటుంది, ఎదురుగా ఉన్నవాళ్లను కదలవద్దని చెప్పండి.

తరువాత కంప్యూటర్ తెర మీద చూడండి. మనలో చాలామంది ఇక్కడే పొరపాటు పడతాం. ఫొటోను నూటికి నూరు శాతం పెద్దది చేసి, కళ్లు తెరకు ఆనించి, 800 దగ్గరే ‘పాడైపోయింది’ అని తేల్చేస్తాం. అలా ఫొటోను చూసేవాళ్లు లోకంలో మనం తప్ప ఎవరూ లేరు. 24 మెగాపిక్సెల్ (2.4 కోట్ల చుక్కల) ఫొటోను 6×4 అంగుళాల ప్రింటు వేస్తే రమారమి 2 మెగాపిక్సెల్ చాలు. పన్నెండు చుక్కలు కలిసి ఒకటవుతాయి. వాటి హెచ్చుతగ్గులు ఒకదానినొకటి సర్దుకుని నాయిస్ మూడు రెట్లకు పైగా తగ్గిపోతుంది. ఫోనులో పంపినా అంతే. పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల జంట పుటల మీద ఒకే ఫొటో వేస్తే మాత్రం గరుకు దాగదు. కనుక 1600, 3200, 6400, 12800 ఫొటోలను దగ్గరలోని స్టూడియోలో 6×4, 8×12 ప్రింట్లు వేయించి చేతిలో పట్టుకుని చూడండి.

అప్పుడు రెండు అంకెలు రాసుకోండి. ఒకటి, మీకు ఏ బాధా అనిపించనిది. రెండోది, ఫొటో తప్పనిసరి అయితే ఒప్పుకునేది. నీడల్లో ఎరుపు, ఊదా మరకలు కనిపించడం, జుట్టు వెంట్రుకలుగా కాక ముద్దగా మారడం, చీర అంచు రంగు పాలిపోవడం మొదలైన చోటు ఆ రెండో అంకె దాటినట్టు. గత పదేళ్లలో వచ్చిన ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు సెన్సర్) కెమెరాలలో నాకు ఈ రెండూ 3200, 6400 దగ్గర తేలాయి. సెన్సర్ విస్తీర్ణం రెండు రెట్లకు పైగా ఉండే ఫుల్ ఫ్రేమ్‌లో ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు, ఏపీఎస్-సీ కన్నా చిన్న సెన్సర్ అయిన మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒక మెట్టు కిందికి రావాలి. మీ అంకె వేరుగా వస్తే మీదే సరైనది.

మెనూలో అన్నిటికన్నా పైన ‘హెచ్’, ‘హై’ అని కనిపించే మెట్ల జోలికి వెళ్లకండి. అవి లోపల అంకెలను గుణించి చూపించేవి మాత్రమే. నికాన్ డీ5 2016లో వచ్చినప్పుడు ఆ పై మెట్టు 32,80,000 దాకా ఉండేది. వినడానికి బాగుంటుంది, పెళ్లికి పనికిరాదు. అడుగున ‘ఎల్’ అని ఉండే 50 కూడా అంతే, తెల్లటి భాగాల్లో వివరం పోతుంది.

మండపంలో మొదటి పని: వేగం

ఎదుట ఏం జరుగుతోందో చూసి షట్టర్ ఎంచుకోండి. వధూవరులు కూర్చుని మంత్రాలు వింటున్నప్పుడు 1/125 చాలు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులు నెమ్మదిగానే కదులుతాయి, 1/125 లేదా 1/160 సరిపోతుంది. అయితే అడ్డుతెర దించే క్షణంలో కళ్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి, అక్కడ 1/250 ఉండాలి. సూత్రధారణప్పుడు అందరూ ఒకేసారి అక్షతలు వేస్తారు. పెళ్లికొడుకు వేళ్లు ముడి వేస్తూ ఉంటాయి, చుట్టూ చేతులు లేస్తాయి. 1/200కు తగ్గవద్దు.

తలంబ్రాల సంగతి వేరు. దోసిలి నుంచి జారే బియ్యం గింజలు గాలిలో నిలిచినట్టు రావాలంటే 1/500 కావాలి, పోటీ పెరిగి ఇద్దరూ విసురుకోవడం మొదలుపెట్టాక 1/800 అయినా ఎక్కువేమీ కాదు. నేను మొదటిసారి మా చెల్లెలి వరసయ్యే అమ్మాయి పెళ్లిలో ఐఎస్ఓ 400 దాటనని పట్టుబట్టి 1/30తో తలంబ్రాలు తీశాను. అరవై ఫొటోలు. ఒక్క దానిలోనూ ముఖం లేదు, పసుపుపచ్చటి గీతలున్నాయి. కెమెరా వెనక చిన్న తెర మీద మాత్రం అన్నీ బాగున్నట్టే కనిపించాయి. అందుకే ప్రతి ఘట్టంలో తొలి ఫొటో తీయగానే తెర మీద కంటి దగ్గరకు జూమ్ చేసి చూసుకోండి.

చేతి వణుకు ఇంకో సంగతి. లెన్స్ 55 దగ్గర ఉంటే ఏపీఎస్-సీ కెమెరాలో దాన్ని 1.5తో గుణించండి, 82 వస్తుంది. 1/80 కన్నా తక్కువ వేగంతో చేత్తో తీస్తే వణుకు పడే అవకాశం ఉంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే మీ చేయి వణికినా సర్దుతుంది, పెళ్లికూతురు తల తిప్పితే మాత్రం ఏమీ చేయలేదు.

రెండో పని: అపర్చర్

ఉన్నంత తెరవండి. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా కావాలంటే 2.8 లేదా 4 దగ్గర ఆగండి, ఒక్కరే అయితే 2 లేదా 1.8కి వెళ్లండి. పదిమంది నిలబడిన గ్రూపు ఫొటోకు 5.6 కావాలి. అప్పుడు వాళ్లు కదలరు కాబట్టి వేగం తగ్గించుకోవచ్చు.

కిట్ లెన్స్ 55 దగ్గర 5.6 కన్నా తెరుచుకోదు. 50 ఎంఎం 1.8 లెన్స్ దానికన్నా దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి పంపుతుంది. మొదటి లెన్స్‌తో 6400 కావలసిన చోట రెండోదానితో 640 చాలు. కొత్త కెమెరా కొనాలా అని అడిగేవాళ్లందరికీ నేను చెప్పే సమాధానం ఇదే, ముందు ఆ చిన్న లెన్స్ కొనండి, లేదా ఒక రోజుకు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి.

మూడో పని: ఇప్పుడు ఐఎస్ఓ

ఒక లెక్క చూద్దాం. జీలకర్ర బెల్లం ఘట్టంలో అపర్చర్ 4, షట్టర్ 1/125, ఐఎస్ఓ 1600 పెడితే ఫొటో సరిగ్గా వచ్చింది అనుకోండి. వెలుగు మారలేదు, తలంబ్రాలు మొదలవుతున్నాయి. షట్టర్ 1/500 కావాలి, అంటే రెండు స్టాపుల నష్టం. ఐఎస్ఓ రెండు మెట్లు ఎక్కించండి, 6400. అది మీ రెండో అంకె దగ్గరకు వచ్చేసిందా? అపర్చర్ 2.8కి తెరవండి, 3200కు దిగుతుంది. మీ లెన్స్ 2 దాకా తెరుచుకుంటే 1600 చాలు, అయితే ఇద్దరిలో ఒకరి ముఖం మసకబారవచ్చు. నేనైతే 2.8, 3200 దగ్గర ఆగుతాను.

రెండో అంకె కూడా దాటాల్సి వస్తే? దాటండి. తలంబ్రాలు మళ్లీ పోయరు.

ఇక్కడ మన పెళ్లిళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మధుపర్కాలు. వధూవరులిద్దరూ ఎర్రంచు తెల్లబట్టల్లో కూర్చుంటారు. ఎదురుగా తెలుపు ఎక్కువైతే వెలుగును కొలిచే కెమెరా మీటర్ ‘వెలుగు బాగా ఉంది’ అని మోసపోయి ఫొటోను చీకటి చేస్తుంది. తెలుపు బూడిదరంగులోకి, ముఖాలు నలుపులోకి దిగుతాయి. ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +0.7 లేదా +1కి తిప్పండి. ఐఎస్ఓను కెమెరాకే వదిలి ఉంటే అలా చేసినప్పుడు అది దాదాపు ఒక మెట్టు పెరుగుతుంది, పెరగనివ్వండి. తక్కువ ఐఎస్ఓతో చీకటిగా తీసి ఇంటికి వెళ్లాక కంప్యూటర్‌లో వెలిగిద్దాం అనుకోవడం లాభసాటి కాదు. 1600 మీద రెండు స్టాపులు తక్కువగా తీసిన ఫొటోను పైకి లేపితే 6400 మీద తీసినంత నాయిస్ ఉంటుంది, పాత కెమెరాల్లో అంతకన్నా ఎక్కువ. జేపెగ్‌లో (కెమెరా కుదించిన ఫైలు) తీసి ఉంటే రంగులు కూడా విరిగిపోతాయి.

మరీ పైకి లేపినా ప్రమాదమే. ఐఎస్ఓ ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ తెలుపు కాలిపోయే హద్దు ఒక్కో స్టాప్ దగ్గరవుతుంది. వడ్డాణం, కాసులపేరు మెరుపులు, తెల్లటి పంచె మడతలు ముందు పోతాయి. కాలిన చోట తెర మీద మిణుకుమిణుకుమని చూపించే సదుపాయం ఉంటుంది, దాన్ని వేసి ఉంచండి. నగల మీద రెండు చుక్కలు మిణుకుమంటే పట్టించుకోకండి, పంచె అంతా మిణుకుమంటే కాస్త తగ్గించండి.

పసుపుపచ్చటి సీరియల్ బల్బుల వెలుగు గురించి ఒక మాట. ఆ వెలుగులో నీలం చాలా తక్కువ. తెలుపును తెలుపుగా చూపించడానికి కెమెరా నీలాన్ని గట్టిగా పెంచాల్సి వస్తుంది, దానితో నీడల్లో నీలి మచ్చలు వస్తాయి. అదే 3200 తెల్లటి లైటు కింద శుభ్రంగా, బల్బుల కింద గరుకుగా కనిపించడానికి కారణం ఇదే. వీడియో తీసేవారు లైటు పట్టుకుని వచ్చినప్పుడు వాళ్ల పక్కకు చేరండి, వారికి అడ్డం రాకుండా. ఆ లైటు ఉన్నంతసేపూ మీ ఐఎస్ఓ రెండు మూడు మెట్లు దిగుతుంది.

చేతికి తీరిక లేనప్పుడు

ఆ లైటు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ అంకె తిప్పడం కష్టం. ఆటో ఐఎస్ఓ ఇందుకే ఉంది. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు, నేను మాత్రం పెళ్లిలో ముప్పాతిక భాగం దాని మీదే తీస్తాను. మెనూలోకి వెళ్లి పై హద్దుగా మీ రెండో అంకె పెట్టండి. కెమెరాను మాన్యువల్‌లో ఉంచి షట్టర్, అపర్చర్ మీరు పెట్టండి, ఐఎస్ఓ ఒక్కటి దానికి వదిలేయండి. ఇలా ఉన్నా కాంపెన్సేషన్ పనిచేసే కెమెరాలు చాలా ఉన్నాయి, మీదానిలో పనిచేస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

అపర్చర్ ప్రయారిటీలో వాడితే కనీస షట్టర్ వేగం కూడా అడుగుతుంది. దాన్ని కెమెరాకే వదిలేస్తే లెన్స్ పొడవును బట్టి 1/60 వంటిది ఎంచుకుంటుంది. కదలని వస్తువులకు అది సరే, మనుషులకు 1/125 అయినా పెట్టండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: పై హద్దు తగిలాక కూడా వెలుగు చాలకపోతే ఈ మోడ్‌లో కెమెరా చెప్పాపెట్టకుండా వేగం తగ్గిస్తుంది, మాన్యువల్‌లో అయితే ఫొటో చీకటవుతుంది. అప్పుడప్పుడు వ్యూఫైండర్ అడుగున ఉన్న అంకెలు చూస్తూ ఉండండి.

ఫంక్షన్ హాలులోని ఎల్ఈడీ లైట్ల కింద 1/500తో తీసినప్పుడు ఫొటోకు అడ్డంగా చీకటి పట్టీలు వస్తే కెమెరా పాడైందని కంగారు పడవద్దు. మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు రెండుసార్లు దిశ మారుతుంది, అందుకే నాసిరకం లైట్లు సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతాయి. 1/100 లేదా 1/50కి దిగితే పట్టీలు పోతాయి, ఐఎస్ఓ కూడా తగ్గుతుంది. తలంబ్రాలకు అంత నెమ్మది పనికిరాదు కాబట్టి ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి మెకానికల్ షట్టర్ పెట్టండి, ఫ్లికర్ తగ్గించే సదుపాయం ఉంటే వేయండి, వరుసగా ఎక్కువ ఫొటోలు తీయండి. కొన్ని బాగా వస్తాయి.

ఇంటికి వచ్చాక

రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించని ముడి ఫైలు) తీసి ఉంటే 6400 ఫొటోలను ఇప్పుడు చాలా వరకు శుభ్రం చేయవచ్చు. లైట్‌రూమ్‌లో కృత్రిమ మేధతో నాయిస్ తీసే పనిముట్టు 2023లో వచ్చింది, డబ్బు పెట్టలేనివారికి డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతుంది. చివరి దాకా తిప్పకండి. చర్మం మైనంలా, పట్టు ప్లాస్టిక్‌లా మారుతుంది. సగం దగ్గర ఆపితే చాలు. మరీ మచ్చలు పడిన అప్పగింతల ఫొటో ఒకటి రెండు ఉంటే నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి, రంగు మరకలు మాయమై మిగిలిన గరుకు పాత రీలు ఫొటోలా కనిపిస్తుంది.

కెమెరాను సంచిలో పెట్టే ముందు ఐఎస్ఓను 100కో ఆటోకో తిప్పండి. ఆ చెల్లెలి పెళ్లిలో దెబ్బ తిన్న నేను, మరుసటి ఏడాది ఇంకో పెళ్లిలో ధైర్యంగా 6400 పెట్టి తలంబ్రాలు చక్కగా తీశాను. తెల్లవారి పెళ్లికొడుకు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పందిరి కింద మెత్తటి పగటి వెలుగు, 5.6 దగ్గర 1/100, 400 చాలు. కెమెరా మాత్రం రాత్రి అంకె మీదే ఉండి, 1/1600తో వ్రతమంతా తీసి పెట్టింది. పీటల మీద కదలకుండా కూర్చున్న దంపతులు, పరుగెత్తే లేడిని పట్టే వేగం, పట్టపగలు గ్రెయిన్స్. మా పిన్ని ఆల్బమ్ తిరగేస్తూ ‘రాత్రి ఫొటోలే నయంరా’ అంది.